ఇంజను ఊపిరిగొట్టము: ప్యాకింగు, పేస్టు

మృగశిర కార్తెకు ముందు పక్షము దినములలో, పెద్ద అంబర్‌పేట మొదలుకొని తూర్పుగా పోవు విజయవాడ రహదారి ప్రక్కనున్న మరమ్మతు షెడ్లు ట్రాక్టర్లతో క్రిక్కిరిసియుండుట మనకు ఏటేట కనుపట్టు దృశ్యమే. తొలకరి పడిన పిదప బండి షెడ్డులో నుండరాదను తొందర రైతునకు. వరుసలోని తరువాతి బండిని విప్పవలెనను తొందర మేస్త్రీకి. ఈ రెండు తొందరల నడుమ, ఇంజనులో మిక్కిలి చౌకయైన వస్తువు, అనగా రెండు లోహపు ముఖముల మధ్య నుంచు పలుచని ప్యాకింగు, ఎవరి దృష్టికిని రాకుండ పోవుచున్నది. దానిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయవలెనని మా సభ్యులు కొందరు కోరియున్నారు. ఆ కోరికకు కారణమైన సంగతితోనే ఆరంభింతుము.

గడచిన యేడాది సంక్రాంతి వెళ్లిన పిదప మా సభ్యులలో నొకరు తమ నలువదియైదు హార్సుపవరు ట్రాక్టరు ఇంజనును పూర్తిగా బాగుచేయించిరి. లైనరులు క్రొత్తవి, పిస్టనులు క్రొత్తవి, రింగులు క్రొత్తవి. సంఘమున అప్పు తీసికొనియే ఆ పని జరిగినది. ఇంజను బిగించునాడు చూడగా, గాలిని సిలిండర్లలోనికి గొనిపోవు గొట్టము, అనగా మన మేస్త్రీలు మేనిఫోల్డు అను దానికి వేయవలసిన ప్యాకింగు, సెట్టులోనే చినిగియుండెను. రాణీగంజునకు మనిషిని పంపి మరియొకటి తెప్పింపవచ్చును. అందుకు ఒకపూట పట్టును. షెడ్డులోని మేస్త్రీ, “ప్యాకింగు లేకున్నా ఏం ఫికరు లేదు పటేలా, పేస్టు దండిగ పెట్టిన. గాలి గూడ చొరదు” అని ధైర్యము చెప్పెను. గొట్టము ఒట్టి పేస్టుతోనే అతుకబడెను. ట్రాక్టరు ఆ సాయంకాలమే ఇల్లు చేరెను. ఒకపూట కలిసివచ్చినదని అందరును సంతోషించిరి.

మొదట బండి బాగుగనే నడచెను. వేసవి దుక్కులు, రోటవేటరు పని, చెరువు మట్టి తోలకము, ఇవి యన్నియు దుమ్ములో చేయు పనులే. దమ్ములు మొదలుపెట్టు నాటికి ఇంజను బలము తగ్గెను. నూనె దినదినము తరుగుచుండెను. పొగగొట్టమున నీలిపొగ, నూనె పోయు మూత తీసినచో అచ్చటను పొగ. ఉదయమున స్టార్టు చేయబోగా మొరాయింపు. విప్పి చూచునప్పుడు మేమును అచ్చటనే యుంటిమి. ఆరు నెలలైనను నిండని లైనరుల పైభాగమున గోటికి తగులునంత మెట్టు ఏర్పడియుండెను. రింగుల అంచులు అరిగి కొడవలి వాదరవలె పదునెక్కినవి. తరువాత మేనిఫోల్డు విప్పిరి. రెండవ, మూడవ రంధ్రముల నడుమ ఒకచోట పేస్టు లోహమునకు అంటనేలేదు; నూనెజిడ్డు మీదనే దానిని పూసియుండిరి. ఆ సందు నుండి రంధ్రము లోపలివరకు, పాము ప్రాకిన జాడవలె, సన్నని ఎఱ్ఱదుమ్ము చార కనబడెను. ఆ చారను చూచిన తరువాత ఎవరును మాటలాడలేదు. అప్పులో మొదటి వాయిదాయైనను అప్పటికి చెల్లలేదు.

ఆ మేస్త్రీ చెడ్డవాడు కాడని ఇచ్చట చెప్పుట న్యాయము. వాల్వులు సరిచేయుటలో అతనికున్న నేర్పు ఈ చుట్టుప్రక్కల తక్కువమందికి గలదు. పేస్టును గూర్చి అతనికి ఎవరును సరిగా చెప్పియుండలేదు. మన రైతుకును తెలియదు. తెలిసియున్నచో ఒకపూట ఆగుమని తానే చెప్పియుండును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట అన్నది ఇదియే.

ఇంత చిన్న సందు అంతటి నష్టము నెట్లు చేసెనని కొందరు అడిగిరి. ఇంజను త్రాగు గాలిని లెక్కించినచో ఆశ్చర్యము తీరును. డీజిలు ఇంజను ఒక లీటరు నూనెను కాల్చుటకు సుమారు పదిహేను వేల లీటర్ల గాలిని లోనికి పీల్చుకొనును. గంటకు నాలుగు లీటర్లు త్రాగు ట్రాక్టరు గంటకు అరువది వేల లీటర్ల గాలిని పీల్చును. ఎనిమిది గంటల దుక్కిలో నాలుగు లక్షల ఎనుబది వేల లీటర్లు. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, పదమూడు మీటర్లకు పైగా లోతు గల మోటబావి యెంతటిదో, అంతటి బావిని గాలితో నింపి దినమున కొకమారు ఇంజను ఖాళీచేయుచున్నది. ఆ గాలి యంతయు ఎయిర్ క్లీనరు ద్వారమున వచ్చినచో చింత లేదు. క్లీనరు దాటిన పిదప అతుకులో సందున్నచో, అచ్చటినుండి చొరబడు గాలి చేలో లేచిన దుమ్మును ఉన్నదున్నట్లుగ తెచ్చును.

ఆ దుమ్ము ఎట్టిదో మన నేలను చూచిన తెలియును. పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ ప్రాంతముల భూమి సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సు గల గ్రానైటు రాతిపై నున్నది. ఆ రాయి చివికి మన ఎఱ్ఱచెల్కలు ఏర్పడినవి. గ్రానైటులోని తక్కిన ఖనిజములు కాలక్రమమున మెత్తబడి మట్టి యగును గాని, పలుగురాయి మాత్రము ఇసుకగను, నుసిగను మిగిలిపోవును. ఆ నుసి లైనరు చేయు పోతయినుము కంటె గట్టిది. మనిషి వెంట్రుక మందము సుమారు డెబ్బది మైక్రాన్లు. ఇంజనును అరగదీయు నుసి ఐదు మొదలు ఇరువది మైక్రాన్ల లోపుది, కంటికి విడిగా కానరానిది. పిస్టను రింగుకును లైనరునకును మధ్య నున్న నూనె పొర దానికంటె పలుచన. ఆ పొరలో పడిన పలుగురాతి నుసి, నూనెతో కలిసి సానరాతి పనిని చేయును. నల్లరేగడి దుమ్ము ఇంతకంటె మెత్తనిదే గాని, అదియును ఇంజనునకు మంచిది కాదు.

ఈ ప్రాంతమున దుమ్ము పొలములో మాత్రమే లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఇచ్చటనే విజయవాడ రహదారిని దాటుచున్నది. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల మార్కెటు 2022 లో బాటసింగారమునకు తరలింపబడిన పిదప మామిడి, బత్తాయి బండ్లును ఈ దారినే ఎక్కువైనవి. పొలమునుండి మట్టిబాటలమీదుగా వచ్చి రోడ్డెక్కు ట్రాలీలకు, చిన్న లారీలకు ఈ వ్యాసములోని మాటలు ట్రాక్టరునకు వర్తించినట్లే వర్తించును.

ఇక పెట్రోలు ఇంజనునకును డీజిలు ఇంజనునకును గల భేదము నొకదానిని చెప్పవలసియున్నది. పెట్రోలు కారులో ఆక్సిలరేటరు వదలినప్పుడు గాలిగొట్టములోని పీడనము బయటి గాలి పీడనములో మూడవవంతు వరకు పడిపోవును. అప్పుడు అతుకులో వెంట్రుకవాసి సందున్నను బయటి గాలి ఈలవేయుచు చొచ్చుకొనిపోవును. పెట్రోలు ఇంజనునకు తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి సరిపోవును; అదనముగా గాలి చేరినచో మిశ్రమము పలుచనై ఇంజను నిలుకడ తప్పి కొట్టుకొనును, కొన్నిమారులు ఆగిపోవును, క్రొత్త కార్లలో ఎదుట దీపము వెలుగును. అనగా పెట్రోలు ఇంజను తన రోగమును తానే చెప్పుకొనును. డీజిలు ఇంజను అట్లు చెప్పదు. దానికి గాలి ఎప్పుడును అవసరమునకు మించియే యుండును. కొంచెము గాలి దొంగదారిన వచ్చినను పని యందు ఏ తేడాయు కానరాదు. టర్బో లేని ట్రాక్టరు ఇంజను ఆరు నెలలపాటు దుమ్ము త్రాగుచు మౌనముగ నుండి, అరిగిపోయిన తరువాతనే మూలుగును. పైన చెప్పిన బండి విషయమున జరిగినది ఇదియే.

టర్బో ఉన్న ఇంజనులలో రెండు పరిస్థితులు గలవు. క్లీనరు నుండి టర్బో వరకు గల గొట్టములో పీల్పు. అచ్చట సందున్నచో దుమ్ము లోనికి వచ్చి మొదట టర్బో చక్రపు రెక్కలను, తరువాత లైనరులను తినివేయును. టర్బో నుండి ఇంజను వరకు గాలి ఒత్తిడితో పోవును. అచ్చట సందున్నచో గాలి బయటికి పోయి, బరువు లాగునప్పుడు నల్లపొగయు బలహీనతయు కలుగును. ఈ రెండవది త్వరగా పట్టుబడును. భయపడవలసినది మొదటిదానికి. పాత డీజిలు జీపులు కొన్నిటిలో ఇంజను వేగము నదుపుచేయు గవర్నరు గాలిగొట్టములోని పీల్పు మీదనే ఆధారపడియుండును. అట్టివానిలో అతుకు వదలినచో ఇంజను అదుపు తప్పి వేగమెత్తును. పాత బండ్లను ఇంకను నడపువారు ఈ మాటను మరువరాదు.

ప్యాకింగు సంగతి క్రొత్తది కాదు. అప్పటి హైదరాబాదు రాజ్యమున నిజాం రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతో మోటారు రవాణా ఆరంభించిరి. ఆ కాలమున లోకమంతటను మోటారు పని కాగితము, బెండు, రాతినార, లక్క వీనితోనే గడచెడిది. లక్కను స్పిరిటులో కరగించి ప్యాకింగునకు పలుచగా పూసి బిగించెడివారు. నేటికిని షెలాక్ అను పేరుతో చిన్న సీసాలలో అది దొరకుచున్నది. మోదుగు, రేగు చెట్లపై పురుగు పెట్టు లక్కయే అది. లాడ్‌బజారున గాజులకు వాడునదియు అదియే. మన దేశపు వస్తువు ప్రపంచపు ఇంజనుల అతుకులను కాపాడినదని కొంచెము గర్వపడినను తప్పు లేదు. నూనెకు, పెట్రోలునకు లక్క కరగదు. స్పిరిటునకు మాత్రము కరగును. 2025 నాటికి మన పెట్రోలులో ఎథనాలు, అనగా స్పిరిటు జాతిదే, 20 శాతమునకు చేరినది గనుక పెట్రోలు తగులుచోట లక్కను నమ్ముకొనుట ఇక మంచిది కాదు. డీజిలు బండి గాలిగొట్టమునకు ఆ బాధ లేదు.

రాతినారను గూర్చి ఒక హెచ్చరిక. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనులలో రాతినార దొరకెడిది. వేడికి తాళు ప్యాకింగులన్నిటికిని చిరకాలము రాతినారయే ఆధారము. దాని నుసి ఊపిరితిత్తులలో చేరినచో మానని జబ్బులు, పుట్టకురుపు కలుగునని వైద్యశాస్త్రము నిర్ధారించినది. నేటి మంచి ప్యాకింగులు రాతినార లేకయే తయారగుచున్నవి. పాత ఇంజనును విప్పునప్పుడు మాత్రము లోపల నున్నది ఏదియో చెప్పలేము. కావున పాత ప్యాకింగును పొడిగా గీకరాదు, తీగబ్రష్షుతో రుద్దరాదు, నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు. నీటితో తడిపి, మెత్తబడనిచ్చి, గీకిన ముక్కలను తడిగానే పోగుచేసి పాతిపెట్టవలెను. షెడ్లలో పనినేర్చుకొను కుర్రవాండ్రకే ఈ గీకుడు పని అప్పగింపబడుచుండుట మేము చూచుచున్నాము. వారి తలిదండ్రులు మన సభ్యులే.

ఇప్పుడు పేస్టు. మన షెడ్లలో పేస్టు అనునది చాలవరకు సిలికోను. ఈ జాతి పదార్థములను వ్యాపారముగ తయారుచేయుటకై అమెరికాలో డౌ కార్నింగు సంస్థ 1943 లో ఏర్పడినది. గొట్టమునుండి పిండగనే కొన్నిటికి పుల్లని వెనిగరు వాసన వచ్చును. గాలిలోని తేమను పీల్చుకొని ఇది రబ్బరువలె గట్టిపడును. పైపొర పది, పదిహేను నిమిషములలో ఆరినను లోపలంతయు గట్టిపడుటకు ఒక దినము పట్టును. ఇది మంచి వస్తువే. తగినచోట దీనికి సాటి లేదు. ఆ తగినచోటు ఏది యన్నదే ప్రశ్న.

అమెరికా కార్లలో వి అక్షరమువలె రెండు వరుసల సిలిండర్లు గల పెద్ద ఇంజనులు కలవు. వానిలో గాలి మేనిఫోల్డు రెండు తలల నడుమ పల్లములో మూతవలె కూర్చుండును. దాని క్రింద ఇంజను నూనె, కొన్నిటిలో దాని గుండ నీరు, ప్రక్కల గాలి. ముందు, వెనుక అంచులలో రెండు లోహముల నడుమ ఎడము అన్నిచోట్ల సమముగ నుండదు గనుక అచ్చట సిలికోను పేస్టును వత్తివలె వేయుదురు. ప్యాకింగులు కలియు నాలుగు మూలలయందును చుక్క పెట్టుదురు. నీటి రంధ్రముల చుట్టు పలుచగా పూయుదురు. గాలి రంధ్రముల చుట్టు మాత్రము అచ్చటను ప్యాకింగే. ఈ పద్ధతిని పైపైన చూచినవారు మేనిఫోల్డనగా పేస్టని తలచుచున్నారు. మన ట్రాక్టర్లలో సిలిండర్లు ఒకే వరుసలో నుండును. గొట్టము ప్రక్కన బిగింపబడును. అది మోయునది గాలి మాత్రమే. అచ్చట సరియైనది ఇచ్చట సరికాదు.

మన ఇంజనులలో పేస్టు వాడవలసిన తావులు లేకపోలేదు. రెండు భాగముల అతుకు మీద మూడవ భాగము వచ్చి కూర్చుండు మూలలు. చిన్న పుస్తకములో తయారుచేసినవారే పేస్టు చెప్పిన నూనె చాంబరు అంచులు. నీటి అరలోనికి తెరచుకొను బోల్టుల మరలు. నూనె చాంబరు విషయమునను చేయి తేలికగా నుండవలెను. ఎక్కువైన పేస్టు లోపలికి పిండబడి, ముక్కలై తెగి, నూనె పీల్చు జాలీకి అడ్డుపడి, బేరింగులు కాలిపోయిన ఇంజనులు ఉన్నవి. గాలిగొట్టములో తెగిపడిన ముక్క నేరుగా వాల్వు మీదికే పోవును. పెట్రోలు ఆవిరి తగులుచోట సామాన్యపు సిలికోను ఉబ్బి మెత్తబడి వదలును. పొగగొట్టమువైపు అసలే పనికిరాదు. సిలికోను రెండువందల యేబది డిగ్రీల వేడి వరకు తాళును, ఎఱ్ఱరంగుది ఇంకను కొంచెము ఎక్కువ. పొగ వేడి దానిని మించును. కొన్ని ట్రాక్టర్లలో గాలిగొట్టము, పొగగొట్టము పక్కపక్కనే ఒకే ప్యాకింగు మీద కూర్చుండును గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది. లోహముల నడుమ గాలి తగులనిచోట మాత్రమే గట్టిపడు మరియొక జాతి పేస్టు కలదు. అది నున్నగా కోసిన రెండు గట్టి ముఖములకే గాని, కాగితపు ప్యాకింగునకు గాదు.

కాబట్టి మేనిఫోల్డునకు నియమము ఇది: శుభ్రమైన పొడి ముఖము, క్రొత్త ప్యాకింగు, సరియైన బిగింపు. ప్యాకింగు మీద కంపెనీవారే నల్లని పూతగాని రంగుగీతగాని వేసియున్నచో దానిపై మరి యేమియు పూయరాదు. ప్యాకింగు జారిపోవుచున్నదని తోచినచో రెండుచోట్ల గ్రీజు చుక్క పెట్టి అంటించుకొనవచ్చును, అంతే.

పని చేయు క్రమమును చెప్పుదుము. గొట్టము విప్పగనే రంధ్రములలో శుభ్రమైన గుడ్డలు కూరవలెను. ఎన్ని కూరితిమో లెక్క పెట్టుకొనవలెను. ఈ లెక్క చిన్నపిల్లల ఆటవలె తోచును గాని, లోపల మరచిన గుడ్డతో స్టార్టు చేయబడిన ఇంజనులు లేకపోలేదు. పోతయినుప తలను ఉక్కు గీకుడుతో గీకవచ్చును. అల్యూమినియపు ముఖమునకు కొయ్యముక్కయో ప్లాస్టికు ముక్కయో వాడవలెను, గీతపడినచో ఆ గీతయే దారియగును. తరువాత పెట్రోలుగాని థిన్నరుగాని తడిపిన గుడ్డతో జిడ్డు పోవునట్లు తుడిచి ఆరనీయవలెను. పొగత్రాగువారు అప్పుడు దూరముగ నుండవలెను.

పిదప ముఖము సమముగ నున్నదా యని చూడవలెను. నిటారైన ఉక్కు స్కేలును అంచుమీద నిలిపి పొడవునను, మూలనుండి మూలకును పెట్టి, క్రింద ఫీలరు గేజి రేకును దూర్చి చూచిన తెలియును. మిల్లీమీటరులో పదియవ వంతు రేకు దూరకున్నచో సామాన్యముగా చింత లేదు. దూరినచో గొట్టము వంగినదన్నమాట. దానిని లేతు షెడ్డులో చదును చేయింపవలెనే గాని, వంకరను పేస్టుతో నింపరాదు. పైన చెప్పిన బండిలో గొట్టము కొంచెము వంగియుండెనని తరువాత తేలినది. క్రొత్త ప్యాకింగు వేసియున్నను అది కొన్నాళ్లకు వదలియుండెడిదేమో; అప్పటి మేస్త్రీ స్కేలు పెట్టి చూడనందున ఆ సంగతి అప్పుడు బయటపడలేదు.

ప్యాకింగు రంధ్రములు తల రంధ్రములకు సరిపోయినవో లేదో పొడిగా పెట్టి చూడవలెను. దుకాణదారు ఇచ్చినది వేరొక నమూనాది కావచ్చును. దొరకక చేతితో కోయవలసివచ్చినచో, అందుకని అమ్ము రేకును కొని, కత్తెరతో కోసి, రంధ్రములను పంచితో వేయవలెను. గుండ్రసుత్తితో ఇంజను అంచు మీదనే కొట్టి అచ్చుతీయుట మన షెడ్లలో బహుకాలపు అలవాటు. చూచుటకు ముచ్చటయే గాని, అంచు చితుకును, ముక్కలు లోపల పడును. అట్టపెట్టెలను, పెండ్లిపత్రికలను ప్యాకింగుగా కోసినవారిని కూడ చూచితిమి. అవి వారము దినములు నిలిచినచో గొప్ప.

బోల్టులను మొదట చేతితో అన్నిటిని పట్టించి, నడిమి వానినుండి మొదలుపెట్టి రెండు ప్రక్కలకు మార్చి మార్చి పోవుచు, రెండు మూడు విడతలలో బిగింపవలెను. ఒక చివరినుండి వరుసగా బిగించినచో ప్యాకింగు ఒకవైపు నలిగి మరియొకవైపు వదులై యుండును. ఎంత బిగువు అన్నది ఆ బండి పుస్తకములోనే చూడవలెను. తెలియుటకు చెప్పుచున్నాము: ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టునకు సామాన్యముగా రెండు, రెండున్నర కిలోల బిగువు చాలును. అనగా మీటరు పొడవు కడ్డీ చివర రెండు, రెండున్నర కిలోల బరువు వ్రేలాడదీసినంత. బలముగల చేతివారు దీనికి రెట్టింపు బిగించి, మరలు తెగగొట్టి, ప్యాకింగును నుజ్జు చేయుచుందురు. 50 హార్సుపవరునకు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి క్రొత్త పొగ నిబంధనలు వచ్చినవి. ఆ బండ్ల ఇంజనులకు తీగలు, సెన్సారులు ఎక్కువగా నుండును. వానిని పుస్తకము చూడక ముట్టరాదు.

బిగించిన తరువాత పరీక్ష. టర్బో లేని ఇంజనును మెల్లగా నడుపుచు, క్లీనరు నోటికి సమమైన చెక్కపలకను అడ్డుపెట్టవలెను, చేతిని పెట్టరాదు. ఇంజను కొద్ది క్షణములలో ఊపిరాడక ఆగిపోవలెను. ఆగక నడచుచునే యున్నచో గాలి వేరొక దారిన వచ్చుచున్నది. ఏ దారియో కనిపెట్టుటకు మరియొక ఉపాయము కలదు. క్లీనరు దాటిన గొట్టము లోపలి అంచున శుభ్రమైన గ్రీజు పలుచగా పూసి, ఒకదినము దుక్కి చేసి, విప్పి చూడవలెను. గ్రీజుకు ఎఱ్ఱదుమ్ము అంటియున్నచో దానికి ముందరి భాగమున లోపమున్నది. టర్బో తరువాతి గొట్టములకు సబ్బునీరు పూసినచో బుడగలే చెప్పును. పెట్రోలునుగాని, ఈథరునుగాని అతుకుల మీద చల్లి చూచుట కొందరు కారు మేస్త్రీల పద్ధతి. డీజిలు ఇంజనునకు ఇది మిక్కిలి ప్రమాదకరము. లోనికి పీల్చుకొన్న ఆవిరితో ఇంజను అదుపు తప్పవచ్చును. వేడి పొగగొట్టము మీద పడినచో మంట లేచును.

మేనిఫోల్డు ఒక్కటి సరియైన చాలదు. క్లీనరు నుండి వచ్చు రబ్బరు గొట్టము ఎండకు పగిలి, క్లిప్పు క్రింద సన్నని చీలిక ఉండుట సాధారణము. దానిని వంచి చూచిన గాని కనబడదు. క్లిప్పు పోయిన చోట తీగతో చుట్టియున్న బండ్లను ఏ యూరనైనను పది లెక్కింపవచ్చును. తీగ ఒకచోట బిగిసి ఒకచోట వదులై రబ్బరును కోయును. నూనె క్లీనరు గల బండ్లలో నూనె గీత వరకు నుండవలెను, దుమ్ము పనులప్పుడు ప్రతిదినము చూడవలెను. కాగితపు క్లీనరును గచ్చుకు కొట్టి దులుపుట వలన అంచు వంగి, దాని రబ్బరు కూర్చుండదు. అది వంగిన పిదప మేనిఫోల్డునకు ఎంత మంచి ప్యాకింగు వేసినను లాభము లేదు.

ట్రాక్టరు విషయములను పనిచేసి నేర్చుకొనగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. మన గ్రామముల నుండి ఇద్దరు ముగ్గురైనను అచ్చటికి పోయి వచ్చినచో మేలని మా అభిప్రాయము, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ షెడ్లలో పనిచేయు మన కుర్రవాండ్రకును ఇది తెలుపవలెను.

సంఘము చేయదగిన పని యొకటి మిగిలినది. టార్కు రెంచి, ఫీలరు గేజి, ఉక్కు స్కేలు ఈ మూడును ఏ ఒక్క రైతును కొని ఇంట పెట్టుకొనవలసిన వస్తువులు కావు. ఏడాదికి ఒకటి రెండుమార్లకు మించి అక్కరపడవు. ఎరువుల గోదాములో ఒక పెట్టెనుంచి, పుస్తకములో సంతకము తీసికొని ఇచ్చి పుచ్చుకొనుటకు తగినవి. అట్లే మన సభ్యుల వద్ద ఏ ఏ నమూనా ట్రాక్టర్లున్నవో పట్టిక వ్రాసి, ప్రతి నమూనాకు రెండేసి మేనిఫోల్డు ప్యాకింగులను, రబ్బరు గొట్టపు క్లిప్పులను వేసవికి ముందే ఒకమారుగా రాణీగంజునుండి తెప్పించి ఉంచినచో, “ప్యాకింగు దొరకలేదు” అను మాట మేస్త్రీ నోట రాదు. వచ్చే సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రవేశపెట్టుటకు నిశ్చయించితిమి. సభ్యులు తమ బండి పేరు, నమూనా సంవత్సరము, ఇంజను సంఖ్య వ్రాసిన చీటీలను ఫాల్గుణ మాసాంతములోగా గుమాస్తా వద్ద ఇయ్యవలెను. పైన చెప్పిన సభ్యుని చీటీ మాకు ఇదివరకే అందినది.